మూత లేని రంపం

నా కుడిచేతికి చూపుడువేలు, మధ్యవేలు లేవు. ఉంగరపువేలు సగం ఉంది. రాజమండ్రిలో ఒక కలప అడితిలో రంపం మిషన్ మీద టేకు చెక్క కోస్తుండగా పోయాయి. అప్పటికి నేను ఇరవై ఏళ్ల పైనుంచి వడ్రంగం చేస్తున్నాను. కొవ్వూరు నుంచి భీమవరం దాకా నేను చేసిన గుమ్మాలు, తలుపులు ఇప్పటికీ ఉన్నాయి. ఇళ్ల పనులు లేని రోజుల్లో ఆ అడితిలో కోతపనికి వెళ్లేవాడిని.

ఆ మిషన్‌కి రంపం మీద కప్పే ఒక మూత ఉండాలి. కొన్నప్పుడు ఉండేదట. నేను చేరేనాటికే దాన్ని తీసి గోడకి మేకు కొట్టి తగిలించేశారు. మూత ఉంటే పని నెమ్మదిస్తుందని అడితి షావుకారుగారి ఉద్దేశం. మేం పొద్దున్నే వచ్చి, మా క్యారేజీ సంచులు ఆ మూతకే తగిలించేవాళ్లం. అది దేనికోసం చేసిందో తెలియనివాడు ఆ షెడ్డులో ఒక్కడూ లేడు. అయినా ఎవరమూ మాట్లాడలేదు, నాతో సహా.

ఆ రోజు చెక్కలో ఒక ముడి అడ్డం వచ్చింది. చెక్క ఎగిరింది, చెయ్యి ముందుకు జారింది. అంతే. నొప్పి తరవాత ఎప్పుడో తెలిసింది. ముందు తెలిసింది చుట్టూ ఉన్నవాళ్ల కేకలు.

షావుకారుగారు తన కారులోనే నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లారు. సీటు పాడవుతుందని కూడా చూడలేదు. డాక్టరు కుట్లు వేసి కట్టు కట్టేదాకా బయట నిలబడే ఉన్నారు. ఆ మంచితనం వల్లే, తరవాత ఆయన అన్న మాటని నేను కాదనలేకపోయాను.

"ఇన్నేళ్ల మేస్త్రివి, ఇంత అజాగ్రత్త ఏంటయ్యా?" అన్నారు.

ఆ మాటనే నేను అందరికీ చెప్పాను. చూడ్డానికి వచ్చిన చుట్టాలకి చెప్పాను, మా ఆవిడకి చెప్పాను. "నా అజాగ్రత్తేనండీ" అని. మూడేళ్లపాటు అలాగే చెప్పుకుంటూ వచ్చాను. చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను.

నేను ఆస్పత్రిలో ఉండగానే మా బావగారు, అంటే మా ఆవిడ వాళ్లన్నయ్య, నా పనిముట్ల పెట్టె తీసి ఎవరో వడ్రంగికి ఇచ్చేశారు. ఇంటికొచ్చాక అవి కళ్లబడితే నేను బాధపడతానని ఆయన అనుకున్నారు. నిజానికి ఆ పెట్టె లేని చోటు చూసినప్పుడే నాకు బాధ కలిగింది. కానీ ఏమీ అనలేదు. ఆయనే మా వీధి గదిలో అరలు వేయించి, సబ్బులు, బిస్కెట్లు, ఫోను రీచార్జిలతో ఒక కొట్టు పెట్టించారు. ఆత్రేయపురం నుంచి పూతరేకుల పెట్టెలు కూడా తెప్పించేవారు. ఆ పెట్టెకి దారం కట్టాల్సి వస్తే నేను లోపలికి కేకేసేవాడిని, మా ఆవిడ వచ్చి కట్టేది.

కొట్లో కూర్చున్నంతసేపూ కుడిచెయ్యి లాల్చీ జేబులో పెట్టుకునేవాడిని. కొత్తగా వచ్చినవాళ్లకి తెలిసేది కాదు. తెలిసినవాళ్లు "పాపం, ఎంత మంచి పనివాడండీ" అనుకుంటూ వెళ్లేవాళ్లు. చచ్చిపోయినవాళ్ల గురించి అలా మాట్లాడుకుంటారు. నేనేమో అక్కడే కూర్చుని వాళ్లకి సబ్బు అందించేవాడిని.

ఒక ఆదివారం పేపరు మధ్యలోంచి ఒక కరపత్రం పడింది. రాజమండ్రిలో మూడు రోజులపాటు చెక్కపని యంత్రాల, పనిముట్ల ప్రదర్శన. పైన చెక్క నునుపు చేసే చిత్రిక బొమ్మ, కింద ఒక రంపం మిషన్ బొమ్మ. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పాను.

"రేపు రాజమండ్రి వెళ్తున్నాను. పనిముట్లు కొనుక్కోవాలి."

బావగారు ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నారు. ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయారు.

"పనిముట్లేంటండీ బావగారూ! కొట్టు బాగానే సాగుతుంది కదా. మళ్లీ ఆ గొడవలన్నీ ఎందుకండీ మనకి?"

"కొట్టు మీరు పెట్టారు. నాకు వచ్చిన పని అది కాదండీ."

"వచ్చిన పనే కదండీ ఇంత చేసింది."

మా ఆవిడ నా కంచంలో మజ్జిగ పోస్తూ, "నేనూ వస్తాను" అంది. నన్ను దారిలో మళ్లించి వెనక్కి తీసుకురావడానికే వస్తోందని నాకు తెలుసు. వద్దనలేదు.

ప్రదర్శన ఊరి చివర పెద్ద మైదానంలో పెట్టారు. రేకుల షెడ్లు వేసి, కింద ఆకుపచ్చ తివాచీ పరిచారు. గేటు దగ్గర ఒక అమ్మాయి పేరు రాసుకుని, మెడలో వేసుకోమని కార్డు ఇచ్చింది. "మీరు ఏం చేస్తుంటారండీ?" అని అడిగింది. మా ఆవిడ "కొట్టు" అనబోయింది. నేను "వడ్రంగి" అన్నాను. ఆ అమ్మాయి అదే రాసింది.

లోపల అడుగు పెట్టగానే మోత వినబడింది. రంపం ఖాళీగా తిరిగేటప్పుడు ఒక రకం మోత, చెక్కలోకి దిగేటప్పుడు ఇంకో రకం. రెండోది సన్నగా కీచుమంటుంది. మూడేళ్లలో ఆ చప్పుడు నేను వినలేదు. మెడ వెనక చెమట పట్టింది. లేని వేళ్లు రెండూ మండడం మొదలుపెట్టాయి.

మా ఆవిడ నా మొహం చూసింది. "వెళ్లిపోదామండీ. చూసింది చాలు" అంది.

"ఇంకా ఏం చూడలేదు కదా."

"మీ మొహం తెల్లగా పాలిపోయిందండీ."

"పాలిపోనీ."

అక్కడే ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. పావుగంట ఆ మోత వింటూనే కూర్చున్నాను. అది పెరిగినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, తగ్గాక వదిలాను. మా ఆవిడ ఎక్కణ్నుంచో మంచినీళ్ల సీసా తెచ్చింది. నీళ్లు తాగి లేచాను. భయం పోలేదు. భయం ఉండగానే నడవొచ్చని మాత్రం తెలిసింది.

చప్పుడు వస్తున్న చోటికే వెళ్లాను. అక్కడ ముప్పై, నలభై మంది గుంపుగా నిలబడి ఉన్నారు. ఎక్కువమంది కుర్ర వడ్రంగులు, కొంతమంది మేస్త్రులు, ఒకరిద్దరు షెడ్డు యజమానులు. మధ్యలో కొత్త మిషన్. బల్ల అద్దంలా మెరుస్తోంది. చెంప పక్కన మైకు పెట్టుకున్న ఒకాయన చెక్కలు వరసగా రంపంలోకి తోస్తున్నాడు. వేగంగా, నవ్వుతూ, జనం వైపు చూస్తూ తోస్తున్నాడు.

రంపం మీద మూత లేదు.

ముందు నేను సరిగ్గా చూడలేదేమో అనుకున్నాను. పక్కకి జరిగి చూశాను. లేదు. పళ్లన్నీ బయటికి కనబడుతున్నాయి.

"ఎవరికైనా డౌట్లు ఉన్నాయా అండీ?" అని మైకులో అడిగాడు.

"మూత ఏదండీ?" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "గార్డా అండీ? ఉందండీ, మిషన్‌తో పాటే వస్తుంది. కటింగ్ మీకు బాగా కనబడాలని తీశాం."

"పని చేసేవాడు కూడా మీరు చూపించినట్టే తీసేస్తాడు కదండీ."

ఆయన నవ్వాడు. గుంపు వైపు చూసి, "పని బాగా వచ్చినవాళ్లకి గార్డు అక్కర్లేదండీ. అజాగ్రత్తగా ఉండేవాళ్లకే అది" అన్నాడు. గుంపులో కొందరు నవ్వారు.

ఆ మాట వేరేది అయి ఉంటే నేను వెళ్లిపోయేవాడినేమో. కానీ ఆయన సరిగ్గా ఆ మాటే అన్నాడు. నేను మూడేళ్లుగా మోస్తున్న మాట అది. చెయ్యి జేబులోంచి తీశాను. అందరికీ కనబడేలా పైకెత్తాను.

"నాకు పని బాగా వచ్చండీ. ఇరవై ఏళ్లు చేశాను. అజాగ్రత్తపడలేదు. ఆ రోజు రంపానికి మూత లేదు."

ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. నాకే కొత్తగా వినిపించింది. నవ్వినవాళ్లు ఆగిపోయారు. మిషన్ ఖాళీగా తిరుగుతూనే ఉంది. ఆయన స్విచ్ కట్టేశాడు.

"సారీ అండీ. నేను మిమ్మల్ని ఉద్దేశించి..."

"సారీ వద్దండీ. మూత పెట్టి కొయ్యండి. ఎంత నెమ్మదిస్తుందో మేమూ చూస్తాం."

"ఇప్పుడంటే కుదరదండీ. అది ప్యాకింగులో ఉండిపోయింది."

మా ఆవిడ నా వెనకే ఉంది. అంతవరకూ నా చొక్కా పట్టుకుని లాగుతోంది. ఆ లాగడం ఆపేసి, ముందుకొచ్చి, "పెట్టెలో ఉంటే తియ్యండి బాబూ. మాకు సాయంత్రం దాకా బస్సులున్నాయి" అంది.

ఈలోగా నిర్వాహకుల బ్యాడ్జీ పెట్టుకున్న ఒకాయన హడావిడిగా వచ్చాడు. నా భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్లబోయాడు. "అలా కూర్చుని మాట్లాడుకుందాం రండి సార్. వాళ్లు స్టాలు పెట్టుకుంది అమ్ముకోడానికి కదా. మీరిలా అంటే అందరూ భయపడతారు" అన్నాడు.

"భయపడాలనే అంటున్నానండీ. నేను ఇక్కడే ఉంటాను. మూత పెట్టమనండి."

నేను గొంతు పెంచలేదు. కదల్లేదు, అంతే. గుంపులో ఒక నడివయసు మేస్త్రి, "అడిగింది తప్పేముందండీ, పెట్టి చూపించండి" అన్నాడు. ఇంకెవరో "అవును, పెట్టండి" అన్నారు. కొంతమంది పనుందన్నట్టు వెళ్లిపోయారు. కొంతమంది ఫోన్లు ఎత్తి వీడియో తీయడం మొదలుపెట్టారు.

మైకు ఆయన బల్ల కింద నుంచి అట్టపెట్టె లాగాడు. మూత ప్లాస్టిక్ కవరులో ఉంది, విప్పనైనా విప్పలేదు. బిగించడానికి ఎంతో సేపు పట్టలేదు. తోపుడు కర్ర కూడా అందులోనే ఉంది. దాంతో తోస్తూ ఒక చెక్క కోశాడు. మూత తనంతట తానే లేచి చెక్కకి దారిచ్చింది, చెక్క దాటగానే దిగిపోయింది. ఇందాక కోసిన చెక్కని, ఇప్పుడు కోసిన చెక్కని ఆయన పక్కపక్కన పెట్టాడు. నడివయసు మేస్త్రి రెండింటి అంచులూ బొటనవేలితో తడిమి, "రెండూ ఒకలాగే ఉన్నాయి" అన్నాడు.

ఆ రోజంతా మూత ఉంచుతానని ఆయన మైకులో చెప్పాడు. ఉంచాడో లేదో నాకు తెలియదు. మేం వెళ్లేటప్పుడు మాత్రం ఉంది.

వీడియో తీసిన కుర్రాళ్లలో ఒకతను వెంట వచ్చాడు. "అంకుల్, మీ స్టోరీ చెప్తారా? చాలా ఇన్స్పైరింగ్‌గా ఉంటుందండీ. చెయ్యి అలాగే పైకెత్తి పెట్టండి" అన్నాడు.

"నేను చూపించింది మూత గురించి బాబూ. కావాలంటే ఆ మిషన్ వీడియో పెట్టుకో."

అతను కాసేపు బతిమాలాడు. నేను వినలేదు. మా ఆవిడ "ఆయన చెప్పరు బాబూ, మొండిమనిషి" అంది. పెళ్లయినప్పటి నుంచి ఆ మాట ఆమె చాలాసార్లు అంది. ఆ రోజు మాత్రం తిట్టులా వినబడలేదు.

పనిముట్ల దుకాణాలు అవతలి షెడ్డులో ఉన్నాయి. మొదటి రెండు దుకాణాల్లో నన్ను చూసి, నా చెయ్యి చూసి, మా ఆవిడతో మాట్లాడారు. "ఎవరికండీ, మీ అబ్బాయికా?" అని అడిగారు. ఒకాయన మరీ జాలిపడి, ఇంట్లో పిల్లలు ఆడుకునే బుల్లి సుత్తి, రంపం ఉన్న సెట్టు చూపించాడు. ఆ రెండు చోట్లా ఏమీ కొనలేదు.

మూడో దుకాణంలో అరవై దాటిన ఒక పెద్దాయన ఉలికి సాన పెడుతూ కూర్చున్నారు. నేను చిత్రిక తీసి చూస్తుంటే, ఆయన నా చేతి వైపు చూశారు. దాచకుండా, మొహం తిప్పుకోకుండా, విరిగిన పనిముట్టుని చూసినట్టు చూశారు.

"ఇప్పుడు ఏ చేత్తో తోస్తున్నారండీ?"

మూడేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది.

"ఏ చేత్తోనూ తొయ్యట్లేదండీ."

"అయితే తోసి చూడండి" అంటూ లేచి, ఒక చెక్కని బల్లకి బిగించారు.

ముందు ఇనప చిత్రిక పట్టుకున్నాను. దాని పిడి నాలుగు వేళ్లున్న చేతికి చేసింది. బొటనవేలికి, చిటికెనవేలికి మధ్య అది తిరిగిపోయింది. పక్కన పెట్టి, పాతకాలపు చెక్క చిత్రిక తీసుకున్నాను. కుడి అరచెయ్యి వెనక ఆనించి, ఎడమచెయ్యి ముందు పెట్టి తోశాను. చెక్క మీద దడదడలాడుతూ పోయి, మధ్యలో ఒక గంటు పెట్టి ఆగింది. పని నేర్చుకున్న మొదటి రోజుల్లో కూడా నేను అంత చెత్తగా తొయ్యలేదు. సిగ్గేసింది. ఆయన బాగుందని అనలేదు. పరవాలేదని కూడా అనలేదు.

"బ్లేడు ఎక్కువ దిగిందండీ. కొంచెం వెనక్కి కొట్టండి" అని చెక్కసుత్తి అందించారు.

ఎడమచేత్తో కొట్టాను. మళ్లీ తోశాను. ఈసారి చెక్క పొర ఒక చుట్టలా లేచింది. ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా. మళ్లీ బ్లేడు సరిచేసుకున్నాను, మళ్లీ తోశాను. ఎన్నిసార్లు తోశానో గుర్తు లేదు. కింద చుట్టలు పడుతున్నాయి, టేకు వాసన వస్తోంది. ఎవరో వచ్చి వెనక నిలబడి వెళ్లిపోయారు. చెమట పట్టింది, కానీ ఇందాకటి చెమట కాదు.

రంపాల దగ్గర ఆయనే ఒక సన్నని రంపం తీసిచ్చారు. మన రంపాలు తోస్తే కోస్తాయి. అది లాగితే కోస్తుంది. పిడి పొడుగ్గా, తిన్నగా, కర్రలా ఉంటుంది. రెండు చేతులతో పట్టుకోవచ్చు.

"మీకు తొయ్యడంలో పట్టు పోయింది గానీ, లాగడంలో పోలేదండీ. లాగి చూడండి" అన్నారు.

గీత గీసి లాగాను. సగం దాకా గీత మీదే వెళ్లి, ఆ తరవాత పక్కకి పోయింది. అలా పక్కకి పోయిన కోత చూసి నాకు ఏడుపు రావాలి. నవ్వొచ్చింది. సగం దాకా తిన్నగా వచ్చింది కదా!

చెక్క చిత్రిక, లాగే రంపం, మూడు ఉలులు, ఒక మూలమట్టం, సానరాయి తీసుకున్నాను. చెక్కని బల్లకి బిగించే క్లాంపులు కూడా చూస్తుంటే మా ఆవిడ, "అవెందుకండీ? చెక్క నేను పట్టుకుంటాను కదా" అంది.

"వద్దు. పూతరేకుల పెట్టెకి పిలిచినట్టు దీనికీ నిన్ను పిలవలేను."

ఆమెకి కోపం వచ్చిందేమో అనుకున్నాను. క్లాంపు చేతిలోకి తీసుకుని, మర తిప్పి చూసి, "ఇది చిన్నది. గుమ్మం కమ్ములకి చాలదు. పెద్దది ఇవ్వండి" అంది పెద్దాయనతో. గుమ్మం గురించి నేను ఒక్క మాటా అనలేదు. ఆమె అంత దూరం వెళ్లిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీట్లు దొరికాయి. సంచి ఇద్దరి ఒళ్లోనూ పెట్టుకున్నాం. బస్సు కొవ్వూరు దాటింది. అప్పుడు ఆమె అంది.

"ఇన్నేళ్లలో ఆ చెయ్యి నాకు కూడా సరిగ్గా చూపించలేదు మీరు. అంతమందికి చూపించారు."

ఆమె మాట నిజం. కట్టు విప్పిన రోజు నుంచి నిద్రలో కూడా ఆ చెయ్యి దుప్పటి కిందే ఉండేది. ఆమె నా చెయ్యి తీసుకుని సంచి మీద పెట్టుకుంది. కుట్లు పడిన చోట్లన్నీ ఒక్కొక్కటే చూసింది.

"ఇక్కడ నొప్పిగా ఉంటుందా?"

"చలికాలంలో."

"చెప్పాలి కదండీ" అంది. ఇంటికి వెళ్లేదాకా చెయ్యి వదల్లేదు.

బావగారు వారం తరవాత వచ్చి, కొట్లో బిస్కెట్ల అర తీసేసి ఆ చోట నేను వేసుకున్న పనిబల్ల చూశారు. ఆయనకి కష్టం కలిగింది. దాచుకోలేదు.

"ఇంకో చెయ్యి కూడా పోగొట్టుకుంటారా అండీ?"

"పోగొట్టుకోడానికి ఇక్కడ మిషన్ లేదండీ. ఉన్నవన్నీ చేతి పనిముట్లే. రేపు మిషన్ కొన్నా మూతతోనే కొంటాను. మీరు నా మంచి కోరే ఆ పెట్టె ఇచ్చేశారు, నాకు తెలుసు. కానీ నన్ను అడక్కుండా ఇచ్చేశారు. ఈ పెట్టె జోలికి మాత్రం రాకండి బావగారూ."

ఆయన ఆ రోజు కాఫీ తాగకుండా వెళ్లిపోయారు. రెండు నెలలు రాలేదు. తరవాత వచ్చారు. ఆ విషయం ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మొదట చేసింది ఒక పీట. ఇదివరకు అయితే పూట పని. పదకొండు రోజులు పట్టింది. ఒక కాలు పొట్టి అయింది. సరిచేస్తే రెండోది పొట్టి అయింది. చివరికి అనుకున్నదాని కంటే రెండంగుళాలు కిందికి దిగింది గానీ, నేల మీద కదలకుండా నిలబడింది. ఉలి జారి ఎడమ బొటనవేలికి ఒకసారి తెగింది. పసుపు అద్దుకుని మళ్లీ కూర్చున్నాను.

రెండో పనికి చెక్క కావలసి వచ్చింది. మాకు దగ్గర్లోని నిడదవోలులోనూ అడితులున్నాయి. కానీ నేను కావాలనే రాజమండ్రి వెళ్లాను, ఆ పాత అడితికే. షావుకారుగారు బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. లేచి వచ్చి, "ఎలా ఉన్నావయ్యా మేస్త్రీ? కొట్టు పెట్టావట కదా, చాలా సంతోషం" అన్నారు. ఆ సంతోషం నిజమే. కుర్చీ వేయించి, టీ తెప్పించబోయారు.

వెనక షెడ్డులో అదే మిషన్ తిరుగుతోంది. దాని మీద ఒక నడివయసు మనిషి చెక్క తోస్తున్నాడు. మూత గోడకే ఉంది, దానికి రెండు సంచులు వేలాడుతున్నాయి.

"టీ వద్దండీ. ఒక మాట చెప్పి వెళ్తాను. ఆ రోజు నాది అజాగ్రత్త కాదండీ."

"ఇప్పుడెందుకయ్యా అవన్నీ? అయిపోయింది కదా."

"నాకు అయిపోయిందండీ. ఆయనకి ఇంకా అవ్వలేదు" అని షెడ్డు వైపు చూపించాను, లేని వేళ్ల చేత్తోనే.

షావుకారుగారి మొహం ఎర్రబడింది. "నిన్ను నా కారులో వేసుకుని పరిగెత్తాను. గుర్తుందా?"

"గుర్తుందండీ. చచ్చేదాకా గుర్తుంటుంది. మూత కూడా గుర్తుంటుంది."

"ఏం కావాలి నీకిప్పుడు?"

"మూత పెట్టించండి. ఇంకేమీ వద్దు."

"నా షెడ్డులో ఏం చెయ్యాలో నువ్వు చెప్తావా?" అని గట్టిగా అరిచారు. మిషన్ ఆగింది. కోతపని చేస్తున్నాయన అక్కణ్నుంచే మా వైపు చూశాడు. నేను ఆయన దగ్గరికి వెళ్లి, నా చెయ్యి చూపించి, "ఈ మిషనేనండీ" అన్నాను. ఆయన నా చెయ్యి చూశాడు, రంపం చూశాడు. షావుకారుగారు నన్ను బయటికి నడవమన్నారు. నాకు ఆ అడితిలో చెక్క ఇవ్వొద్దని మనుషులకి చెప్పారు. వచ్చిన పని కాలేదు. చెక్క నిడదవోలులో కొన్నాను.

పదిహేను రోజుల తరవాత ఒక ఫోను వచ్చింది. ఆ కోతపని ఆయనే, నా నంబరు ఎవరి దగ్గరో కనుక్కున్నాడట.

"మూత పెట్టకపోతే నేను చెయ్యనన్నానండీ. నాలుగు రోజులు పనిలోకి వెళ్లలేదు. ఇవాళ పెట్టించారు. మీరు వచ్చినందుకు మాత్రం కాదట, షావుకారుగారు గట్టిగా చెప్పమన్నారు."

"ఎందుకైతేనేం లెండి. బాగా బిగించారా?"

"బిగించారండీ. కొంచెం తుప్పు పట్టింది గానీ లేచి దిగుతోంది."

ఆ రోజు నేను చాలాసేపు చిత్రిక పట్టుకుంటూ కూర్చున్నాను. గెలిచానని అనిపించలేదు. నా వేళ్లు నాకు రాలేదు. కానీ "నా అజాగ్రత్తేనండీ" అనే మాట ఆ తరవాత నా నోట మళ్లీ రాలేదు. ఎవరైనా అడిగితే "మూత లేదండీ" అంటాను. అంతకంటే ఎక్కువ వినాలనుకుంటే, కూర్చోబెట్టి మొత్తం చెప్తాను.

ఇప్పుడు మా వీధి గదిలో సగం కొట్టు, సగం పనిబల్ల. సబ్బు కోసం వచ్చినవాళ్లు నేను కోత పూర్తి చేసేదాకా ఆగాలి. ఆగలేనివాళ్లకి మా ఆవిడ ఇస్తుంది. గుమ్మం ఇంకా చెయ్యలేదు. కుర్చీ కాళ్లు, కిటికీ రెక్కలు, మంచం పట్టెలు వస్తున్నాయి. ఎక్కువమంది పని ఇచ్చే ముందు నా చేతి వైపు చూస్తారు. నేను దాన్ని బల్ల మీదే ఉంచుతాను, వాళ్లు చూసేదాకా.

మొన్న పొద్దున్న పక్క వీధి పెద్దావిడ ఒకరు పాత కత్తిపీట తెచ్చారు. పీట చెదలు పట్టి విరిగిపోయింది, కత్తి మాత్రం బాగుంది. కొత్త పీట వేయించాలట. కొట్టు మెట్టు మీద నిలబడి, నా చెయ్యి చూసి, కత్తిపీట పైటచెంగు చాటుకి తీసుకున్నారు.

"దీనికి కత్తి ఉంది బాబూ" అన్నారు మొహమాటంగా. "నువ్వు చెయ్యగలవా?"

"కత్తి లేకపోతే పీట ఎందుకండీ పిన్నిగారూ? ఇలా ఇవ్వండి" అన్నాను. ఆవిడ ఇంకా ఆలోచిస్తుంటే నేనే లేచి వెళ్లి తీసుకున్నాను. పీట పొడవు, వెడల్పు కొలిచి గోడ మీద రాసుకున్నాను. కత్తి దిగే చోట ఎంత లోతు తవ్వాలో చూసుకున్నాను.

"గురువారం రండి. చింతకర్రతో వేస్తాను, మీ మనవరాలి కాలం దాకా ఉంటుంది."